లుంగ్ షూ మనవాడే, కానీ...

రెండేళ్ళ కిందట ఒక ప్రాజెక్టు పని మీద షాంఘై టీముతో రోజూ పొద్దున్నే కాల్‌లో కూర్చోవాల్సి వచ్చింది. మనకి ఏడున్నర అయితే వాళ్ళకి పది. అందరూ వచ్చి చేరేలోపు ఐదు నిమిషాలు కబుర్లు నడుస్తాయి కదా, అట్లా ఒకరోజు అటువైపు బిల్డులు చూసే ఆవిడ కెమెరా ఆపడం మర్చిపోయి, లేచి నిలబడి, రెండు చేతులూ నెమ్మదిగా తలపైకి ఎత్తి, ఆకాశాన్ని మోస్తున్నట్టు నిలబడింది. అప్పటికి నాకు నడుం నొప్పి మొదలై ఏడాది దాటింది. ఇంట్లోంచి పని చేసే రోజుల్లో డైనింగ్ టేబుల్ కుర్చీ మీద కూర్చున్నందుకు ఫలితం అన్నమాట. ఏమిటా వ్యాయామం అని అడిగాను. 'పా తువాన్ చిన్' అంది. ఎనిమిది కదలికలు, పన్నెండు నిమిషాలు, నీక్కూడా పనికొస్తుంది చూడు అని చెప్పింది.

ఊరుకోవచ్చుగా! "ఇవన్నీ మా దగ్గర్నుంచి మీకు వచ్చినవే కదా, బోధిధర్ముడు మావాడే" అనేశాను.

ఆవిడ నవ్వింది. బోధిధర్ముడి సంగతి తనకి పెద్దగా తెలియదంది. "కానీ లుంగ్ షూ మీ దక్షిణాది వాడేనట కదా. మా అమ్మమ్మ రోజూ ఆయన పేరు తలుచుకునేది. ఆయన పెద్ద పుస్తకం మీరు చదివే ఉంటారు, ఎలా ఉంటుంది?" అంది. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగింది. లుంగ్ షూ ఎవరో నాకు తెలీదు. ఇంతలో మేనేజరు వచ్చాడు, బతికిపోయాను.

కాల్ అయ్యాక వెతికితే తెలిసింది. లుంగ్ అంటే నాగుడు. షూ అంటే చెట్టు. అర్జున అనేది ఒక చెట్టు పేరు, మన మద్ది. లుంగ్ షూ అంటే నాగార్జునుడు.

మాది హుజూర్‌నగర్. నాగార్జునసాగర్ ఎడమ కాలవ నీళ్ళతో పండిన వడ్లు తిని పెరిగినవాణ్ణి. చిన్నప్పటి నుంచి సాగర్ అన్న మాట రోజుకి పదిసార్లు విని ఉంటాను, కాలవకి నీళ్ళు ఎప్పుడు వదుల్తారు అన్నది మా ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద వార్త. కానీ ఆ పేరులో ఉన్న మనిషి పుస్తకం రాశాడని, అది ఏ భాషలో మిగిలి ఉందని ఎన్నడూ అనుకోలేదు. షాంఘైలో ఒక బిల్డు ఇంజినీరు వాళ్ళ అమ్మమ్మకి తెలిసినంత కూడా నాకు తెలీదు.

సరే, ముందు నేను కొట్టిన గొప్ప సంగతి తేల్చుకుందాం. అది నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు. 2011లో సూర్య, మురుగదాస్‌ల 'సెవెన్త్ సెన్స్' సినిమా వచ్చింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. కంచి నుంచి బయల్దేరిన పల్లవ రాజకుమారుడు చైనా వెళ్ళి వాళ్ళకి వైద్యమూ, యుద్ధవిద్యా నేర్పుతాడు. హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అంతకుముందే మా స్కూలు గ్రౌండులో సాయంత్రాలు కరాటే, కుంగ్‌ఫూ కలిపి నేర్పే మాస్టారు ఒకాయన ఉండేవాడు. ఆయనా ఇదే చెప్పేవాడు. నల్ల బెల్టు కట్టుకున్న మనిషి చెప్తే కాదనేది ఎవరు?

కాగితాల్లో ఉన్నది మాత్రం ఇంకోలా ఉంది. బోధిధర్ముడి పేరు మొట్టమొదట కనిపించేది 547 ప్రాంతంలో లోయాంగ్ నగరపు విహారాల మీద యాంగ్ ష్వాన్‌చ్రి అనే ఆయన రాసిన పుస్తకంలో. అందులో ఆయన పర్షియా వాడు. ఇంకో వందేళ్ళకి, 645 ప్రాంతంలో తావోష్వాన్ రాసిన భిక్షువుల చరిత్రలో దక్షిణ భారతపు బ్రాహ్మడు అయ్యాడు. ఈ రెండిట్లోనూ పిడికిలి బిగించిన ప్రస్తావనే లేదు, ఉన్నదల్లా ధ్యానం. ఆయన నేర్పాడని చెప్పే 'యీ చిన్ చింగ్' అనే వ్యాయామ గ్రంథం 1624 ప్రాంతంలో ఒక తావో మతస్థుడి చేతిలో తయారైందని, 628 నాటిదని చెప్పుకునే దాని ముందుమాట కల్పితమని పరిశోధకులు తేల్చారు. తేల్చినవాళ్ళలో ముందున్నది మన మీద అక్కసుతో ఉన్న పరాయివాళ్ళు కాదు, కుంగ్‌ఫూ చరిత్ర కోసం జీవితం ధారపోసిన చైనావాడే. తాంగ్ హావో అని, 1930లోనే షావోలిన్ కథల మీద పుస్తకం వేశాడు. అన్నట్టు షావోలిన్ విహారాన్ని 495 ప్రాంతంలో ఒక చక్రవర్తి కట్టించింది నిజంగానే ఒక భారతీయ భిక్షువు కోసం. కానీ ఆయన బోధిధర్ముడు కాదు, చైనా వాళ్ళు బతువో అని పిలిచే ఇంకొకాయన. ఆయన పేరుతో సినిమా రాలేదు పాపం.

దీనికన్నా నన్ను దెబ్బకొట్టింది 1973లో బయటపడ్డ ఒక పట్టు గుడ్డ. చాంగ్షా దగ్గర మావాంగ్‌తుయ్ అనే చోట క్రీ.పూ. 168లో మూసిన సమాధి ఒకటి తవ్వితే, ఒక బొమ్మల పటం దొరికింది. అందులో నలభై నాలుగు మంది మనుషులు చేతులు చాచి, నడుం వంచి, కాళ్ళు ఎత్తి వ్యాయామం చేస్తుంటారు. ఆడవాళ్ళూ ఉన్నారు, మగవాళ్ళూ ఉన్నారు. కొన్నిటి పక్కన ఫలానా నొప్పికి అని రాసి కూడా ఉంది. బోధిధర్ముడు పుట్టడానికి ఆరేడు వందల ఏళ్ళ ముందు మాట ఇది. నేర్పడానికి మనవాడు పోయేటప్పటికే వాళ్ళు సిలబస్ అచ్చేసుకుని కూర్చున్నారు :)

పోనీ అన్నీ ప్రాచీనమా అంటే అదీ కాదు. మా కొలీగ్ చూపించిన పా తువాన్ చిన్ పేరు పన్నెండో శతాబ్దపు పుస్తకంలో కనిపిస్తుంది, కానీ ఇప్పుడు పార్కుల్లో అందరూ ఒకేలా చేసేది 2003లో ప్రభుత్వ సంస్థ సరిచేసి విడుదల చేసిన వెర్షను. తాయ్ చీ మూలాలు హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ళ పల్లెలో పదిహేడో శతాబ్దానికి పోతాయి. మనం వీడియోల్లో చూసే ఇరవై నాలుగు భంగిమల తాయ్ చీ మాత్రం 1956లో క్రీడల శాఖ జనాలకి తేలిగ్గా ఉండాలని కూర్చింది. అంటే మన నాగార్జునసాగర్ శంకుస్థాపన కన్నా ఒక ఏడాది చిన్నది.

మరి మన దగ్గర్నుంచి ఏమీ పోలేదా అంటే, పోయింది. అది సినిమాకి పనికొచ్చేలా లేదంతే. ఏడో శతాబ్దంలో సున్ సిమియావో అనే గొప్ప వైద్యుడు ఉండేవాడు. 652 ప్రాంతంలో రాసిన ఆయన వైద్య గ్రంథంలో 'భారతదేశపు మర్దన పద్ధతి' అని పద్దెనిమిది కదలికలు ఇచ్చాడు. ఇది బ్రాహ్మణుల పద్ధతి అని పేరు పెట్టి మరీ చెప్పాడు. చేతులు ఒకదాన్నొకటి రుద్దుకోవడం, విల్లు లాగినట్టు లాగడం, వెనక్కి తిరిగి చూడడం, ఇలాంటివి. అయితే అందులో నిజంగా మనవి ఎన్ని, ఊళ్ళో ఉన్నవాటికే మన లేబుల్ తగిలించినవి ఎన్ని అన్న దాని మీద వాదనలున్నాయి. ఆ రోజుల్లో చైనాలో భారతదేశం అంటే గిరాకీ ఉన్న బ్రాండు. మా స్కూలు గ్రౌండులో 'చైనా కుంగ్‌ఫూ' అని బోర్డు పెడితే పిల్లలు ఎక్కువ చేరినట్టే అనుకోండి.

ఇంకొకటి నాకు చాలా నచ్చింది. యీచింగ్ (మన పాఠ్యపుస్తకాల్లో ఇత్సింగ్) ఏడో శతాబ్దం చివర్లో ఇక్కడి భిక్షువుల రోజువారీ అలవాట్ల మీద ఒక పుస్తకం రాసి ఇంటికి పంపాడు. పళ్ళు ఎలా తోముకోవాలి, నీళ్ళు ఎలా వడగట్టాలి దాకా అన్నీ ఉంటాయందులో. ఒక అధ్యాయం మొత్తం నడక గురించే. ఈ దేశంలో భిక్షువులూ, మామూలు జనమూ కూడా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒకే దారిలో అటూ ఇటూ నడుస్తారని, దానివల్ల తిన్నది అరుగుతుందని, జబ్బులు దగ్గరికి రావని రాశాడు. ఆ నడక కోసం కట్టిన అరుగు కొలతలు కూడా ఇచ్చాడు: రెండు మూరల వెడల్పు, పద్నాలుగు పదిహేను మూరల పొడవు, రెండు మూరల ఎత్తు. బౌద్ధుల మాటల్లో దాని పేరు చంక్రమణం. చైనాలో చింగ్ షింగ్ అయింది, జపాన్ వెళ్ళి కిన్‌హిన్ అయింది, ఇప్పటికీ ధ్యాన మందిరాల్లో చేస్తారు.

అది చదువుతుంటే మా తాత గుర్తొచ్చాడు. ఎనభై దాటాక కూడా పొద్దున్నే, మళ్ళీ ఎండ దిగినాక కాలవ కట్ట మీద తూము దాకా పోయి వెనక్కి వచ్చేవాడు. ఏం తాతా, రోజూ గదే కట్ట, విసుగు రాదా అంటే "తిన్నది అరగొద్దార?" అనేవాడు. యీచింగ్ రాసింది కూడా దాదాపు అదే! మనం ఎగుమతి చేసిన కసరత్తు ఏదైనా ఉందంటే, నా ఓటు దీనికే.

ఇక భాష సంగతి. ఆ కాల్ జరిగిన నెలలోనే చైనీసు మొదలుపెట్టాను. గొప్ప లక్ష్యం ఏమీ లేదు, సిగ్గేసింది అంతే. రెండేళ్ళలో ఆరువందల అక్షరాల దాకా వచ్చాయి, అందులో వంద ఎప్పుడూ సెలవులో ఉంటాయి. పా తువాన్ చిన్ వీడియో వెనక వినిపించే గొంతే నా మొదటి పంతులు. ఫాంగ్ సుంగ్ అంటే వదులు చెయ్యి, హూ షీ అంటే ఊపిరి, మన్ మన్ అంటే మెల్లగా. ఒంటితో కలిపి నేర్చుకున్న మాటలు మర్చిపోలేదు, యాప్‌లో నేర్చుకున్నవి సగం పోయాయి.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక లాభం ఉంది, ఎవరూ చెప్పరు. ఇంగ్లీషు పుస్తకాల్లో 'బి' అని రాసేది నిజానికి ప, 'పి' అని రాసేది ఒత్తుతో పలికే ప్హ. అట్లాగే 'డి' అంటే త, 'టి' అంటే థ. 'జి' అంటే క, 'కె' అంటే ఖ. బీజింగ్ అని మనం పలికేది వాళ్ళ నోట పెయ్‌చింగ్. అమెరికా వాళ్ళు ఈ తేడా వినడానికే నెలలు కుస్తీ పడతారు, మనకి ఒకటో తరగతి పలక మీదే ఉంది. (మాట్లాడేటప్పుడు మనం భయాన్ని బయం, ధనాన్ని దనం చేసి ఒత్తులు మింగేస్తాం, అది వేరే కథ.) స్వరాల దగ్గర మాత్రం మనకీ వాళ్ళకీ ఒకటే కష్టం. ఒకే 'మా' పలికే తీరును బట్టి అమ్మ అవుతుంది, గుర్రం అవుతుంది. నేను మొదటి వారంలో ఎవరి గుర్రాన్ని కుశలం అడిగానో చెప్పను.

తమాషా ఏమిటంటే, చైనా వాళ్ళు తమ భాషలో ధ్వనుల్ని పుట్టే చోటును బట్టి, పెదవులవి ఒక గుంపు, నాలుకవి ఒక గుంపు, పళ్ళవి, గొంతువి అని వర్గాలుగా పేర్చుకోవడం మొదలుపెట్టింది మన వర్ణమాల చూశాకే. తాంగ్ రాజుల చివరి రోజుల్లో షౌవెన్ అనే భిక్షువు పేరు మీద ముప్ఫై ఆరు హల్లుల పట్టిక ఒకటి నిలిచింది. మంత్రాల్ని తప్పుల్లేకుండా పలకాలన్న పట్టుదలతో సంస్కృత అక్షరాలు దిద్దిన భిక్షువులు, ఆ చూపుతోనే తమ భాషను విప్పి చూసుకున్నారు. అంటే ఎగుమతి జరిగింది. కొనుక్కున్నవాళ్ళు కష్టపడి దిద్దుకున్నారు కాబట్టి జరిగింది.

ఇప్పుడు లుంగ్ షూ దగ్గరికి వద్దాం. మా కొలీగ్ అడిగిన పెద్ద పుస్తకం పేరు 'తా చ్రి తూ లున్'. సంస్కృతంలో మహాప్రజ్ఞాపారమితా శాస్త్రం అంటారు. వంద చుట్టల గ్రంథం. సంస్కృత మూలం పోయింది. టిబెటన్లో కూడా లేదు. ప్రపంచం మొత్తం మీద చైనీసులో ఒక్కటే ఉంది.

దాన్ని చైనీసు చేసింది కుమారజీవుడు. తండ్రి భారతదేశం వాడు, తల్లి మధ్య ఆసియాలో కూచా రాజు చెల్లెలు. ఈయన పేరు విని చైనా సేనాపతి ఒకడు కూచా మీదికి పోయి పట్టుకొచ్చాడు. తీసుకొచ్చేలోపు అక్కడ ప్రభుత్వం మారిపోయింది, సేనాపతే దారిలో సొంత రాజ్యం పెట్టుకున్నాడు. దాంతో పదిహేడేళ్ళు లియాంగ్‌చౌలో బందీగా ఉండిపోయాడు. చైనీసు నేర్చుకున్నది ఆ బందీ జీవితంలోనే. చివరికి చాంగాన్ (ఇప్పటి షియాన్) చేరాక, 402 నుంచి 406 దాకా ఈ పుస్తకం మీద కూర్చున్నాడు. మొదటి భాగం పూర్తిగా చేసి, మిగతాది ఇదే లెక్కన చేస్తే చదివేవాడు ఉండడని కుదించాడట. స్కోప్ తగ్గించి డెడ్‌లైన్ అందుకోవడం మనం కనిపెట్టింది కాదన్నమాట.

నాగార్జునుడే రాశాడా అన్న దాని మీద కూడా గొడవ ఉంది. దీన్ని ఫ్రెంచిలోకి తేవడానికి 1944 నుంచి 1980 దాకా ఐదు సంపుటాలు వేసిన లమోత్, ఇది వాయవ్య భారతం వాడెవడో రాసింది అయ్యుండాలన్నాడు. ఆయన కూడా మూడోవంతు దాకానే రాగలిగాడు. మనవైపు నుంచి కె. వెంకటరమణన్ అనే పండితుడు శాంతినికేతన్‌లో చైనీసు నేర్చుకుని, మూలాన్నే తిరగేసి, దీని మీద పెద్ద పుస్తకం రాశారు. 1966లో ఇంగ్లీషులో వచ్చింది. తెలుగులో నాకు దొరకలేదు.

అసలాయన మా సాగర్ దగ్గర ఉన్నాడా? నిజం చెప్పాలంటే నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో ఆయన పేరు లేదు. అప్పట్లో ఆ ఊరి పేరు విజయపురి. మాకు ఇంకా దగ్గర్లో, కోదాడ దాటాక వచ్చే జగ్గయ్యపేటలో, ఒక బుద్ధ విగ్రహం పీఠం మీద నాగార్జునాచార్యుల శిష్యుడి శిష్యుణ్ణని చెప్పుకున్న ఒకాయన శాసనం ఉంది. లిపిని బట్టి అది ఆరో శతాబ్దం ప్రాంతం అంటారు, అంటే మనవాడికి చాలా తర్వాతి మాట.

కానీ విజయపురిలో ఇంకొకటి దొరికింది. వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట, అంటే మూడో శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించి ప్రాకృతంలో శాసనం వేయించింది. అది కొందరు ఆచార్యుల కోసం కట్టించిందట. వాళ్ళు ఏయే దేశాల వాళ్ళని ధర్మం వైపు తిప్పారో పేర్లున్నాయి: కాశ్మీరం, గాంధారం, చీన, కిరాతం, తోసలి, వంగ, వనవాసి, యవన... మూడో పేరు చూడండి. మా ఇంటి నుంచి బస్సులో సగం పూటలో పోయి వచ్చే చోట, పదిహేడు వందల ఏళ్ళ కింద ఒక ఆడమనిషి రాయి మీద 'చీన' అని చెక్కించింది. అయితే అక్కడా మన గొప్పకి గండి పడుతుంది. ఆ ఆచార్యులు తెలుగువాళ్ళు కారు, సింహళం నుంచి వచ్చినవాళ్ళు.

ఆ లోయ ఇప్పుడు నీళ్ళ కింద ఉంది. 1954 నుంచి 1960 దాకా తవ్వి, చేతికి అందిన వాటిని కొండ మీదికీ ఒడ్డుకీ చేర్చి, మిగతా అంతటినీ కృష్ణకి వదిలేశారు. 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ నీళ్ళే మా పొలం. దాని మీద నాకు బాధ ఉందో లేదో నాకే తెలీదు. ఆ నీళ్ళు రాకపోతే మా నాయిన నన్ను ఇంజినీరింగ్ చదివించగలిగేవాడు కాదు.

హుయాన్‌త్సాంగ్ గురించి స్కూల్లో చదివాం. రెండు మార్కుల ప్రశ్న. ఆయన మన దగ్గరికి వచ్చి ఏం చేశాడో మాత్రం ఆ రెండు మార్కుల్లో లేదు. 639 ప్రాంతంలో ఆంధ్రదేశం వచ్చాడు. వాళ్ళ భాషలో అన్‌తాలో. ఇక్కడి వాళ్ళ భాష, వాక్యం కూర్పు మధ్యదేశం కన్నా వేరని, అక్షరాల ఆకారం మాత్రం చాలావరకు అదేనని రాసుకున్నాడు. తెలుగు వాక్యం తీరు వేరని గమనించిన మొదటి విదేశీయుల్లో ఆయన ఒకడు అనుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. అక్కణ్ణుంచి ధాన్యకటకం పోయాడు. అప్పటికే విహారాలు చాలావరకు పాడుబడ్డాయి, ఇరవై దాకా మిగిలాయి, వెయ్యి మంది భిక్షువులున్నారు. అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరి దగ్గర కొన్ని నెలలుండి మహాసాంఘికుల అభిధర్మం చదువుకున్నాడు. వాళ్ళిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదువుకున్నారు. మన భాషలో చెప్పాలంటే రెండు వైపులా కేటీ. తర్వాత ముగ్గురూ కలిసి యాత్రకి బయల్దేరారు.

ఆయన అక్కడ విన్న ఒక కథ ఉంది. ఊరి దక్షిణాన కొండ గుహలోకి భావవివేకుడు అనే పండితుడు పోయాడట. మంత్రించిన ఆవాలతో కొడితే రాయి తెరుచుకుంది, మైత్రేయుడు వచ్చేదాకా ఎదురుచూస్తానని లోపలికి పోతే మూసుకుంది. కథ సంగతి ఎట్లా ఉన్నా, ఆ భావవివేకుడి పుస్తకం ఒకటి హుయాన్‌త్సాంగ్ తీసుకుపోయి 649లో చైనీసు చేశాడు. మన దగ్గర అది కూడా పోయింది. పదమూడు వందల ఏళ్ళ తర్వాత, 1949లో, ఎన్. అయ్యస్వామి శాస్త్రి చైనీసు నుంచి మళ్ళీ సంస్కృతంలోకి తిప్పి 'కరతలరత్నం' అని అచ్చు వేయించారు. గుహ తెరవడానికి ఆవాలు కాదు, చైనీసు కావలసి వచ్చింది.

ఇంకో చిన్న ముచ్చట. లుంగ్ షూ అన్న అనువాదం తప్పని హుయాన్‌త్సాంగ్ లుంగ్ మెంగ్ అని మార్చాడు. అర్జున అంటే ఇక్కడ చెట్టు కాదు, వీరుడని ఆయన లెక్క. బగ్ ఫిక్స్ చేశాడు కానీ జనం అప్‌డేట్ చేసుకోలేదు. ఇవాళ్టికీ మా కొలీగ్ అమ్మమ్మలందరికీ లుంగ్ షూనే.

ఇట్లా చూసుకుంటూ పోతే నన్ను ఒకటే తొలిచింది. వాళ్ళ నుంచి మన భాష నేర్చుకోవడానికి ఎడారులు దాటి వచ్చినవాళ్ళ పేర్లు దొరుకుతున్నాయి. తెలుగు నేల నుంచి వాళ్ళ భాష నేర్చుకున్నవాడి పేరు నా చదువులో ఒక్కటీ తగల్లేదు. పాత కాలం వదిలెయ్యండి. మా ఊరు చైనా పేరు గట్టిగా విన్నది 1948లో. సాయుధ పోరాటం సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ చుట్టూ నడుస్తున్నప్పుడు, ఆంధ్ర కమ్యూనిస్టు నాయకత్వం మనది చైనా దారి అని, మావో 'నూతన ప్రజాస్వామ్యం' ఆధారంగా పార్టీకి పత్రం పంపింది. రణదివే ఒప్పుకోలేదు, 1949లో మావోనే తప్పుపట్టాడు. 1950లో గాలి మారింది, చైనా దారి అన్న రాజేశ్వరరావే పార్టీ కార్యదర్శి అయ్యారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. సుందరయ్య రాసిన లెక్క ప్రకారం నాలుగువేల మంది దాకా చనిపోయారు. మా తాత అప్పుడు పదహారేళ్ళ పిల్లగాడు, దళాలకి సద్దులు మోసినవాడు. మావో పేరు భక్తిగా అనేవాడు. ఏ దారి అన్న దాని మీద ప్రాణాలు ఆధారపడిన ఆ వాదన అంతా ఇంగ్లీషు అనువాదం మీద నడిచింది. ఆ తప్పు ఎవరి మీదా వెయ్యలేను. దళంలో ఉన్నవాడు చైనీసు నేర్చుకునే తీరిక ఎక్కడిది? కానీ డెబ్భై ఏళ్ళు గడిచాక, ఇంత జీతాలు తీసుకుంటూ, తీరిక లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

దసరాకి ఊరికి పోయినప్పుడు తెలిసింది, మా ఊళ్ళో చైనీసు వచ్చినవాళ్ళు నేను కాక ఇంకా ఉన్నారని. మా వెనక బజారులో ఒకమ్మాయి చైనాలో ఎంబీబీఎస్ చేసింది. మన జిల్లాల నుంచి చైనాకి వైద్యం చదవడానికి పోయిన పిల్లలు చాలామందే ఉన్నారు కదా. పాఠాలు ఇంగ్లీషులోనే అయినా, ఆస్పత్రిలో రోగితో మాట్లాడాలంటే చైనీసు రావాల్సిందే, పరీక్ష పాసవ్వాల్సిందే. ఈ అమ్మాయి 2020 జనవరిలో సెలవులకి వచ్చి కరోనా వల్ల ఇక్కడే ఇరుక్కుని, రెండున్నరేళ్ళు అర్ధరాత్రీ అపరాత్రీ ఆన్‌లైన్ పాఠాలు విని, మళ్ళీ పోయి పూర్తిచేసి వచ్చింది. ఇప్పుడు ఇక్కడి అర్హత పరీక్షకి చదువుతోంది. నన్ను చూసి, "అన్నా, నువ్వెందుకు నేర్చుకుంటున్నవ్? నీకేం కర్మ?" అంది. చెప్పాను. ఫోన్లో తా చ్రి తూ లున్ మొదటి పేజీ తెరిచి ఇచ్చాను.

అది పాత చైనీసు. తనకి కడుపునొప్పి, రక్తపోటు, ఎప్పట్నుంచి జ్వరం, ఇవన్నీ మంచినీళ్ళలా వచ్చు. ఇక్కడ మాత్రం మొదటి వరుసలోనే ఆగిపోయింది. నేను నిఘంటువు తీశాను, తను ఉచ్చారణ దిద్దింది. గంట సేపు కూర్చుంటే పేజీలో సగం కూడా కాలేదు. కానీ పేరు ఉన్న వరుస ఇద్దరమూ ఒకేసారి చదివాం. బోధిసత్వుడు లుంగ్ షూ చేసినది అని ఉంది.

చాయ్ తెచ్చిన వాళ్ళమ్మ నిలబడి, "ఏం దొరికిందిరా అంతగనం?" అంది.

"నాగార్జునుడి పేరు పెద్దమ్మా. వాళ్ళు నాగుపాము, మద్దిచెట్టు అని రాసుకున్నరు."

"ఏరుమద్దా? సాగర్ దిక్కు పోతే వాగుల పొంటి శానా ఉంటయి గదా" అని గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి పోయింది.